పిసకని రబ్బరు

మా అత్తయ్య పొద్దున్నే చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకునేది కాదు. తుడుచుకుంటే నూలుపోగు వేలికి అంటుతుంది, వేలి నుంచి రబ్బరుకీ, రబ్బరు నుంచి ఎవరో ఒకరి బుగ్గ మీదికీ చేరుతుంది అనేది. అందుకని రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు విడదీసి, అవి ఆరేదాకా గుమ్మంలో నిలబడేది. కొత్తవాళ్ళు చూస్తే ఎవరినో వెళ్ళొద్దని ఆపుతున్నట్టు ఉండేది.

"ఏం వదినా, బస్సు ఆపుతున్నావా?" అని మా అమ్మ వంటింట్లోంచి అరిచేది.

"ఆగితే నీకు చెప్పకుండా ఎక్కుతానా?" అనేది అత్తయ్య.

అత్తయ్య మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మాతోనే ఉంది. పెన్సిలుతో మనుషుల ముఖాలు వేయడం ఆవిడ పని. వీధిలో పిల్లలకి బొమ్మలత్త.

చేతులు ఆరాక చిన్న రేకు డబ్బా తెరిచి ముద్ద రబ్బరు తీసేది. బళ్ళో పిల్లలు వాడే రబ్బరు లాంటిది కాదది. చూడ్డానికి బూడిదరంగు పిండిముద్దలా ఉంటుంది, ఎలా నొక్కితే అలా వంగుతుంది. దానితో కాగితాన్ని రుద్దరు. అద్ది, పైకి ఎత్తుతారు. అద్దినచోట పెన్సిలు నలుపు కాగితాన్ని వదిలి రబ్బరుతో వచ్చేస్తుంది, కింద వెలుగు మిగులుతుంది. అలా నల్లబడిన రబ్బరుని శుభ్రం చేయడానికి ఒకటే దారి, పిసకడం. అత్తయ్య దాన్ని రెండు చేతులతో తీగలా సాగదీసి, మడిచి, నల్లబడిన ముఖాన్ని లోపలికి తోసి, మళ్ళీ సాగదీసేది. కాసేపటికి లోపల ఎక్కడో దాక్కున్న లేత రంగు పైకి వచ్చేది.

"నలుపు ఎటు పోయింది అత్తయ్యా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఎటు పోతుందే? లోపలికి పోయింది. పైకి కనపడకపోతే చాలదూ?" అంది.

ఆ రబ్బరు విషయంలో ఆవిడకి పట్టింపులు ఎక్కువ. నీళ్ళు తగలకూడదు, తగిలితే జారుడుపట్టి కాగితం మీద నిలవదు. ఎండ తగలకూడదు. తలకి నూనె రాసుకున్న చేత్తో ముట్టుకోకూడదు. ప్లాస్టిక్ డబ్బాలో అసలు పెట్టకూడదు. "కొత్తల్లుడిలా కరుచుకుని కూర్చుంటుంది, లాగినా రాదు" అనేది. బొగ్గు పెన్సిలుకి వాడిన ముద్దని మామూలు పెన్సిలు బొమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. పని లేని రోజున కూడా కాసేపు పిసకాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. ఎంత పిసికినా లేత రంగు పైకి రాని రోజు వస్తే, ఇక దాన్ని పారేయాలి.

"కడుపు నిండినదానికి ఇంకా కుక్కామనుకో, కక్కుతుంది. అప్పుడు నీ బొమ్మ ముఖాన మసే."

ఇన్ని చెప్పే మనిషి అలమరా కింది అరలో ఇంకో రేకు డబ్బా పెట్టుకుంది. అందులో ఉన్నదీ ముద్ద రబ్బరే. దాన్ని మాత్రం ఎన్నడూ పిసికేది కాదు. అప్పుడప్పుడు మూత తీసి చూసేది, మూసేసేది. ఆ డబ్బా సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత అమ్మ చెప్పింది, ఎక్కువగా ఫ్రేముల బాబాయి చెప్పాడు.

ఫ్రేముల బాబాయి మాకు చుట్టం కాదు. ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టు ఆయనది. అత్తయ్యని అక్కా అంటాడు కాబట్టి నాకు బాబాయి. అత్తయ్య పనిచేసేది ఆ కొట్టు పైగదిలో. జనం చేతిలో ఇమిడేంత ఫొటో తెచ్చి ఇస్తారు. దాన్ని చూసి పెద్ద షీటు మీద బొమ్మ వేసి, అద్దం బిగించి ఇవ్వాలి. ఎక్కువగా పోయినవాళ్ళ ఫొటోలే వస్తాయి. ఆ గదిలో కిటికీ కింద ఒక పొడుగాటి ఏటవాలు బల్ల ఉంది. దానికి ఒకవైపునే రెండు స్టూళ్ళు. కుడిది అత్తయ్యది. ఎడమది నీడల మాస్టారిది.

నీడల మాస్టారు అన్న పేరు బాబాయి పెట్టిందే. ఆయన అంతకుముందు ఏదో బళ్ళో డ్రాయింగు చెప్పేవారు. భార్య అప్పటికే లేదు, ఒక్కతే కూతురు. ముఖంలో ఉండే చీకటంతా ఆయన వంతు. దూదిని పెన్సిలు పొడిలో ముంచి కళ్ళ గుంటలు, ముక్కు పక్క, గడ్డం కింద నీడలు దింపేవారు. అప్పుడు షీటు కుడివైపుకి జరిగేది. ఆ నీడల్లోంచి అత్తయ్య ముద్ద రబ్బరుతో వెలుగు తీసేది. నుదురు, ముక్కు దూలం, కింది పెదవి మీద రవ్వంత తడి. ఒక ముఖానికి ఇద్దరు మనుషులు.

"మా దగ్గర ఒకాయన మసి పూస్తాడు, ఒకావిడ కడుగుతుంది. మధ్యలో మీ నాన్నగారు తేలతారు" అని బాబాయి గిరాకీలకి చెప్పేవాడు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. కంటిపాపలో మెరిసే చిన్న తెల్లచుక్కని చివరిదాకా వేయరు, అంటే తీయరు. అది వేసేది కాదు, తీసేదే. నల్లటి పాపలోంచి సూదిమొనంత నలుపుని ఎత్తేస్తే చుక్క మిగులుతుంది. గిరాకీ వచ్చి కూర్చున్నాక, వాళ్ళు చూస్తుండగానే చుక్క తీయాలి. అప్పటిదాకా అది పని, ఆ తరవాత అది మనిషి అనేవారు మాస్టారు. చుక్క తీయని బొమ్మకి ఫ్రేము కట్టకూడదు. అది ఆయన నియమం.

చుక్క తీసే వేళకి మాస్టారు తన ముద్దని బాగా పిసికి, వేళ్ళ మధ్య కొన నులిమి, చెయ్యి పక్కకి చాచేవారు. అత్తయ్య తల తిప్పకుండానే అందుకునేది. ఈ కంట్లో ఒక అద్దు, ఆ కంట్లో ఒక అద్దు. మళ్ళీ తల తిప్పకుండానే తిరిగి ఇచ్చేసేది. గిరాకీల్లో కొందరు ఏడ్చేవారు. ఒకాయన మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకుని, "అమ్మో, అచ్చం ఇలాగే చూసేది మా ఆవిడ. ముందు గుడ్డ కప్పండి!" అన్నాడట.

ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. మాట్లాడినా కిటికీ వైపు చూస్తూనే.

"మాస్టారూ, ఈయన ముక్కు మరీ నల్లబడింది."

"ముక్కు ఆయనది, నలుపు నాది. మీకు నచ్చినంత తీసేసుకోండి."

ఆ రోజుల్లో అత్తయ్యకి సంబంధాలు వచ్చేవి. ఫొటో చేతికిస్తే పని చూసినట్టే చూసేది. "ఇతనికి దీపం పక్కనుంచి కొట్టారు, ముక్కు నమ్మడానికి లేదు" అనేది. ఇంకొకతనికి కళ్ళలో చుక్క లేదంది. మా నాన్న విసిగిపోయి, "అక్కా, నిన్ను బొమ్మ వేయమన్లేదు, పెళ్ళి చేసుకోమన్నాం" అన్నాడట. అత్తయ్య నవ్వేసి, చేతులు ఆరబెట్టుకుని, కొట్టు తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేది.

మాస్టారి చెయ్యి వణకడం మొదలైంది. నీడ గీత దాటి చెంప మీదికి పాకేది. అత్తయ్య ఆ దాటిన పొడిని ఎత్తేసి, షీటు అసలు అలాగే వచ్చినట్టు పని చేసుకుపోయేది. కొన్నాళ్ళు అలా నడిచింది. చివరికి ఆయనే, "నా తప్పులు తీయడానికే మీకు పొద్దు సరిపోతోంది. ఇక ముఖాలెప్పుడు తీస్తారు?" అన్నారు. కూతురు వచ్చి తన ఊరికి తీసుకెళ్తానంది.

వెళ్ళే రోజున ఒక ముసలావిడ బొమ్మకి చుక్క తీయాల్సి ఉంది. మాస్టారు ఎప్పటిలాగే కొన నులిమి చెయ్యి చాచారు. అత్తయ్య రెండు అద్దులు అద్ది తిరిగి ఇచ్చింది. ఆయన ఆ ముద్దని అలాగే డబ్బాలో పెట్టి మూత వేసి, బల్ల మీద కుడివైపుకి జరిపారు.

"ఇది మీ దగ్గరుండనివ్వండి. నాకక్కడ ఏం పని?"

"సరే" అంది అత్తయ్య.

"అంతే!" అనేవాడు బాబాయి, ఈ సంగతి చెప్పినప్పుడల్లా. "ఇద్దరూ కిటికీనే చూస్తున్నారు. వాళ్ళని చూసి నాకే ఏడుపొచ్చింది. మధ్యలో నాకెందుకు రావాలి చెప్పు?"

డబ్బాలోని ముద్ద మీద ఒకవైపు బొటనవేలి గుంట ఉంది. దానికెదురుగా రెండు వేళ్ళ గుంటలు. పైన నులిమిన కొన. పిసికితే అవి పోతాయి, అందుకే అత్తయ్య పిసకలేదు. కానీ పిసకకపోయినా అవి పోతూనే ఉన్నాయి. ముద్ద రబ్బరు రాయి కాదు కదా. ఎవరూ ముట్టుకోకపోయినా, కాస్త వేడి తగిలితే చాలు, తన బరువుకి తానే కుంగుతుంది. మొదటి వేసవికే కొన ఒక పక్కకి వాలింది. అత్తయ్య డబ్బాని అలమరా పైఅర నుంచి మంచం కిందికి, అక్కడి నుంచి వంటింట్లో చల్లటి గోడ పక్కకి, చివరికి అలమరా కింది అరలోకి మార్చింది.

"డబ్బాకి ఇల్లంతా చూపిస్తున్నావు. అద్దెకి దింపుతావా ఏంటి వదినా?" అంది అమ్మ.

ప్రతి వేసవికీ గుంటలు ఇంకాస్త పూడేవి. పైన మాత్రం బిగుసుకుంటూ, తోలులా తయారైంది.

ఆయన బొమ్మ వేయాలని ఆవిడ చాలాసార్లు కూర్చోవడం నేను చూశాను. ఆయన కుడిచెయ్యి ఇట్టే వచ్చేది, దూది పట్టుకున్న వేళ్ళతో సహా. కుడి చెవి వచ్చేది. చెవి వెనక నెరిసిన వెంట్రుకలు, కళ్ళజోడు కొస, చొక్కా కాలరు అంచున మాసిన మడత. ముఖం దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయేది.

"పక్కన కూర్చున్నానే గాని, ఎదురుగా ఎప్పుడు చూశాను?" అంది ఒకసారి. నాతో కాదు, కాగితంతో.

పోనీ ఫొటో చూసి వేద్దామంటే ఫొటో లేదు. ఊళ్ళోవాళ్ళ ఫొటోలన్నీ చేతులు మారిన గదిలో ఆయనది ఒక్కటీ లేదు. కూతురి పెళ్ళి ఫొటోలో ఉన్నారట, ఎవరి భుజం వెనకో. అత్తయ్యకి కావలసిందల్లా ఆ ముఖం ఒక్కసారి నిండుగా, ఎదురుగా చూడటం. వెళ్ళి చూడొచ్చు. బస్సులున్నాయి. కానీ ఏమని వెళ్తుంది? ఏళ్ళు అలాగే గడిచాయి.

నేను పీజీలో చేరిన ఏడు, ఒక సాయంత్రం బాబాయి మా ఇంటికి వచ్చాడు. ఫ్రేములకి కర్ర కొనడానికి మాస్టారు ఉండే ఊరు వెళ్ళి, అటునుంచి అటే వచ్చాడు. టీ చేతిలోకి తీసుకుని తాగకుండా కూర్చున్నాడు.

"చూశానక్కా, మాస్టారిని."

రబ్బరు పిసుకుతున్న అత్తయ్య చేతులు ఆగాయి. "ఎలా ఉన్నారు?"

"చూపు పోతోంది. అదేం జబ్బో గాని, నేరుగా చూస్తే మధ్యలో అంతా మసకట. పక్కనున్నవి మాత్రం కొంచెం కనపడతాయట. నన్ను చూడ్డానికి గోడ వైపు తిరిగాడు. కోపమొచ్చిందేమో అనుకున్నా."

"మందుల్లేవా?"

"వాడుతున్నారు. ఆ కాస్తయినా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడట డాక్టరు."

అత్తయ్య ముద్దని డబ్బాలో పెట్టేసింది. "నా గురించి ఏమైనా…" అని ఆపేసింది.

"అడిగాడు. 'ముద్ద పిసుకుతున్నారా?' అని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"రోజూ పిసుకుతుందన్నా. అబద్ధమా?"

అత్తయ్య అలమరా వైపు చూసింది. అమ్మ అది గమనించి, బాబాయి చేతిలో చల్లారిన టీ తీసుకుని లోపలికి వెళ్తూ, "వెళ్ళి చూసిరా వదినా" అంది.

"ఏమని వెళ్ళను? నేనెవరిని?"

"బొమ్మలావిడవి. బొమ్మ వేయడానికొచ్చానని చెప్పు. ఎవరు కాదంటారు?"

"ఆయన వేయమన్లేదుగా."

"ఇన్నాళ్ళూ వేసినవాళ్ళలో సగం మంది వేయమన్నారా? పోయినవాళ్ళేగా!" అంది అమ్మ. బాబాయి పకపకా నవ్వాడు. అత్తయ్య కూడా నవ్వబోయి, ఆ మాట ఎటు దారి తీస్తోందో తట్టినట్టు ఆగింది. మర్నాడు పొద్దున్నే నన్ను తోడు రమ్మని అడిగింది.

బస్సులో అత్తయ్య డబ్బాని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మూసింది. మలుపు తిరిగినప్పుడల్లా ఎండ ఇటు పక్కకీ అటు పక్కకీ మారుతుంటే, డబ్బాని నీడలోకి జరుపుతూ వచ్చింది. షీట్లు, అట్ట, పెన్సిలు పొడి నా సంచిలో ఉన్నాయి. ఊరు వచ్చేదాకా ఆవిడ నాతో అన్నది ఒకటే మాట. "గుర్తుపడతారంటావా?" అని. జవాబు కోసం చూడలేదు.

మాస్టారి కూతురు మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది. తలుపు తీస్తూనే నవ్వింది. "రండి రండి. పొద్దున్నే ఫ్రేములాయన ఫోన్ చేశారు, అప్పట్నుంచీ గడ్డం గీసుకుని కూర్చున్నారు. నాచేత ఇల్లంతా సర్దించారు, తనకేదో కనపడుతున్నట్టు."

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. మా అడుగుల చప్పుడు వినగానే ముఖం అటు, ఎడమ గోడ వైపుకి తిప్పేశారు. బాబాయి ముందే చెప్పినా నా మనసు చివుక్కుమంది. ఆయన అలా తిరిగి, కుడికంటి కొసతో మమ్మల్ని చూస్తున్నారు.

"చిక్కారు" అన్నారు.

"మీకేం కనపడిందని?" అంది అత్తయ్య.

"అంచులు కనపడతాయి. మనిషి చిక్కేది అంచుల్లోనేగా." గోడ వైపే చూస్తూ నవ్వారు. "ముద్ద తెచ్చారా?"

ఆయన కుడిచెయ్యి పక్కకి చాచారు. అది గాలిలో సన్నగా వణుకుతోంది. అత్తయ్య డబ్బాని ఇవ్వాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం పట్టుకుని, ఆ చేతిలో పెట్టింది.

మాస్టారు మూత తీసి ముద్దని పైకి తీశారు. తీస్తూనే ఆయన బొటనవేలు వెతుక్కోకుండా వెళ్ళి, పూడిపోగా మిగిలిన ఆ గుంటలో కూర్చుంది. ఎదురువైపు రెండు వేళ్ళూ వాటి చోట్లలో అవి కూర్చున్నాయి. ఆయన అలాగే ఉండిపోయారు. వంటింట్లో కూతురు గిన్నె దించింది.

"దీన్ని పిసికి ఎన్నాళ్ళయింది?"

అత్తయ్య ఆయన ఒళ్ళోంచి ఖాళీ డబ్బా తీసుకుంది.

"రాయిలా చేశారు. నేను వాడుకోమని ఇచ్చానా, దాచుకోమని ఇచ్చానా?"

"మీరేం చెప్పలేదు మాస్టారూ."

"అవును" అన్నారాయన. "చెప్పాల్సింది."

తరవాత పిసకడం మొదలుపెట్టారు. అత్తయ్య చెయ్యి సగందాకా లేచి మళ్ళీ ఒళ్ళో పడింది. మొదట ముద్ద లొంగలేదు. అంచున పగిలి చిన్న రవ్వలు రాలాయి. ఆయన ఆ రవ్వల్ని తడిమి ఏరి అందులోకే నొక్కారు. అరచేతుల మధ్య పెట్టి వేడి చేశారు. మళ్ళీ నొక్కారు. గుంటలు మూసుకుపోయాయి, వాలిపోయిన కొన లోపలికి పోయింది. కాసేపటికి ముద్ద సాగింది. తీగలా సాగదీసి, మడిచి, సాగదీసి, మడిచారు. పిసుకుతున్నంతసేపూ ఆయన చేతుల్లో వణుకు కనపడలేదు. లోపలి నుంచి లేత బూడిదరంగు పైకి వస్తోంది. ఆ రంగు ఆ గదిలో అత్తయ్యకీ నాకూ కనపడింది, పిసికిన మనిషికి కనపడలేదు.

"ఇప్పుడు చూడండి" అన్నారు. "మెత్తబడిందా?"

"ఆ" అంది అత్తయ్య. "ఇక మీ వంతు కానివ్వండి. నీడ మీరే వేయాలి" అంటూ అట్ట మీద షీటు బిగించి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఈ చేత్తోనా?"

"మొత్తం నల్లగా పూసేయండి చాలు. చీకటికి అంచులేముంటాయి?"

ఆయన దూదితో పొడి అద్దుతూ షీటంతా పూశారు. వణికిన చోట కూడా నలుపే కాబట్టి వణుకు తెలియలేదు. పొడి చొక్కా మీదా, బుగ్గ మీదా పడింది. కూతురు గుమ్మంలోంచి చూసి, "పొద్దున గీసిన గడ్డం మళ్ళీ మొలిచింది నాన్నా" అంది.

అత్తయ్య స్టూలు తెచ్చుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ఇటు చూడండి."

ఆయన ముఖం ఎడమవైపుకి తిప్పారు.

"అటు కాదు మాస్టారూ. నేరుగా."

"నేరుగా చూస్తే మీరు కనపడరు."

అత్తయ్య చేతిలో రబ్బరు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన అలా పక్కకి తిరిగితే ఆమెని చూడగలరు. కానీ ఆవిడకి దొరికేది ఎప్పుడూ చూసిన ఆ చెవీ, ఆ చెంపే. నేరుగా తిరిగితే ఆవిడకి ముఖం దొరుకుతుంది. ఆయనకి మాత్రం ఆమె ఉన్నచోట మసక.

"కాసేపు" అంది మెల్లగా. "కాసేపేగా."

మాస్టారు ముఖం తిన్నగా తిప్పారు. ఆవిడ చూసింది. నేను ఆ చూపుకి అడ్డం ఉండకూడదని గోడకి జరిగాను.

"ఈ ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఎప్పటిది?" అంది ఆశ్చర్యంగా.

"పుట్టుమచ్చ పుట్టినప్పటిది కాక, పింఛనుతో వచ్చిందా?"

"ఇన్నాళ్ళూ నాకు తెలీదే!"

"మీరు కుడిపక్క గిరాకీ కదండీ" అన్నారాయన.

ఇద్దరూ నవ్వారు. తరవాత పని సాగింది. ఆవిడ రబ్బరుని వెడల్పుగా నొక్కి నుదురు ఎత్తింది. అంచు చేసి ముక్కు దూలం తీసింది. నల్లబడగానే మడిచి, పిసికి, మళ్ళీ అద్దింది. చీకట్లోంచి ఎడమ చెంప వచ్చింది, పుట్టుమచ్చ చుట్టూ వెలుగు వచ్చి మచ్చ మిగిలింది. మాస్టారు బుద్ధిగా, తనకేమీ కనపడని వైపుకి చూస్తూ కూర్చున్నారు. మధ్యమధ్యలో ఆయన ముఖం తనకు తెలియకుండానే ఎడమకి వాలేది. గుర్తొచ్చి, మళ్ళీ తిన్నగా తెచ్చుకునేవారు. వాలినప్పుడల్లా అత్తయ్య చెయ్యి ఆగేది. తిన్నగా వచ్చాక కూడా వెంటనే కదిలేది కాదు.

"అయిందా?" అన్నారు చివరికి.

"చుక్కలు మిగిలాయి."

"ఇలా ఇవ్వండి."

ముద్ద అందుకుని పిసికారు. వేళ్ళ మధ్య కొన నులిమారు. అలవాటుగా చెయ్యి చాచారు, కుడిపక్కకి. అక్కడ ఎవరూ లేరు. కిటికీ వెలుగు పడుతున్న ఖాళీ నేల ఉంది. ఆయన చెయ్యి అక్కడే నిలిచి, అందుకునే వేళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

అత్తయ్య ఆ చేతిని చూసింది. అట్టని గోడకి ఆనించి లేచింది. స్టూలు తీసుకుని చుట్టూ తిరిగి వచ్చి, ఆయనకి కుడిపక్కన వేసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని, తల తిప్పకుండా ముద్దని అందుకుంది.

మాస్టారి ముఖం నెమ్మదిగా ఎడమకి తిరిగింది. ఈసారి వెనక్కి తెచ్చుకోలేదు.

"చుక్క తీశారా?"

"లేదు."

"మరి లేచి వచ్చేశారేం?"

"ఇక్కణ్ణుంచి మీ కళ్ళు కనపడవు. ఇంకోసారి వచ్చి తీస్తా."

"గిరాకీని తిప్పుకుంటున్నారన్నమాట."

"మన కొట్టు సంగతి మీకు తెలీదా?" అంది అత్తయ్య.

కిటికీ అవతల ఎవరిదో మిద్దె, ఆరేసిన దుప్పట్లు, వాటి వెనక తగ్గుతున్న ఎండ. అత్తయ్య అటు చూస్తూ, మాస్టారు గోడ వైపు తిరిగి, పాత ముఖాల గురించి మాట్లాడుకున్నారు. గుడ్డ కప్పమన్నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని అత్తయ్య చెబితే మాస్టారు పడీపడీ నవ్వారు. నేను, ఆయన కూతురు వంటింట్లోనే ఉండిపోయాం. దీపం వేయడానికి ఆ గదిలోకి వెళ్ళాలని ఇద్దరికీ అనిపించలేదు.

బయల్దేరేటప్పుడు అత్తయ్య ముద్దని ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"మీరే ఉంచండి. రోజూ పిసకండి. నేనొచ్చేసరికి కొన నిలవాలి."

"ఎప్పుడొస్తారు?"

"అది బిగుసుకోకముందే."

తిరుగు బస్సులో ఖాళీ డబ్బా ఆవిడ ఒళ్ళో ఉంది. కొండల మీదికి దిగిన ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా దాని మూత మీద పడింది. అత్తయ్య దాన్ని జరపలేదు. ఒళ్ళో ఆవిడ వేళ్ళు మాత్రం మెల్లగా ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉన్నాయి. అక్కడ ఏమీ లేదు.

కొట్లో బాబాయి షీటు విప్పి చాలాసేపు చూశాడు. "ఎదురుగా ఇలా ఉంటాడా మనిషి! ఏ ఫ్రేము కట్టమంటావక్కా?"

"కళ్ళు కాలేదురా."

"కాకపోతే ఏం, నువ్వు తీయలేవా? రబ్బరు ఏదీ?"

"ఆయన దగ్గరుంది."

బాబాయి షీటుని అట్టకి బిగించాడు. ఆ బొమ్మని పైగదిలో ఎడమ స్టూలు మీద నిలబెట్టారు, కిటికీ వైపుకి. పొద్దున్నే అత్తయ్య పనికి కూర్చుంటే, ఆవిడ ఉన్నచోటికి దాని కుడి అంచు మాత్రమే కనపడుతుంది. చుక్కల్లేని ఆ కళ్ళు దేన్నీ చూడకుండా బయటికి తెరుచుకుని ఉంటాయి. వచ్చిన గిరాకీలు "ఈయనెవరు?" అంటే, "ఇంకా పని అవ్వలేదండీ" అంటుంది.

వారం తిరక్కముందే ఒక పొద్దున అత్తయ్య గుమ్మంలో చేతులు చాచి నిలబడింది. గాలి లేదు, చేతులు త్వరగా ఆరడం లేదు.

"ఏం వదినా, బస్సు ఆపుతున్నావా?" అంది అమ్మ లోపల్నుంచి, ఎప్పటిలాగే.

అత్తయ్య వీధి చివరిదాకా చూసి, చేతులు దించకుండానే అడిగింది.

"ఆదివారం మొదటి బస్సు ఎన్నింటికే?"